మేక గడువు, ఏనుగు గడువు

బంజరు బాగుచేసి మొదటి పంట కోసినవారికే ఆ నేల దక్కుతుందని ఆ రాజ్యంలో శాసనం. నూకాలు కొండకింద బంజరులో రాళ్లన్నీ ఏరి అరటి పిలకలు నాటింది. గెల కోయాలంటే ఏడాది పడుతుంది. ఈలోపే దివాను జగ్గరాయుడి కన్ను దానిమీద పడింది.

ఆయన ఆడ ఏనుగు మీద వచ్చి, ఊరందరి ముందూ "రేపటికల్లా ఖాళీ చెయ్యవే" అన్నాడు.

"మా మేక చూలుతో ఉంది దొరా. అది ఈనేదాకా ఆగండి."

"మేక కోసం దివాను ఆగాడంటే నా పరువేం కాను?"

"అదీ నిజమే. మీ ఏనుగూ చూలుతోనే ఉందట కదా. పోనీ, అది ఈనేదాకా గడువిస్తే మీ హోదాకు తగ్గట్టుంటుంది."

జగ్గరాయుడు కిందికి దిగి ఏనుగు పొట్ట చూశాడు. నేడో రేపో అన్నట్టుంది. "సరే, ఇది ఈనిన రోజే నువ్వు కదలాలి" అని అందరి ముందూ మాటిచ్చాడు.

నాలుగు నెలలకు మేక రెండు పిల్లల్ని ఈనింది. ఏనుగు మాత్రం తాపీగా గడ్డి తింటోంది. దివాను మావటిని నిలదీశాడు.

"ఇంకో ఏడాదిన్నర పడుతుంది బాబూ. దాని పొట్ట ఎప్పుడూ అంతే" అన్నాడు మావటి.

ఏడాదికి నూకాలు పండిన గెల కోసింది. నేల ఆమె పేర రాశారు. ఆ సాయంత్రమే ఆమె నాలుగు అత్తాల అరటిపళ్లు తీసుకుని గజశాలకు వెళ్లింది.

"నా ఏనుగుకు నీ పళ్లెందుకే?" అన్నాడు జగ్గరాయుడు.

"ఇంకా పది నెలలు మొయ్యాలి కదండీ" అంది నూకాలు, పండు అందిస్తూ. "వట్టి మనిషి కాదు పాపం."