తలుపు లేని ఇంటి తాళంచెవి

మద్దిలేటి సార్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. జవాబు నోట్లో ఉండదనీ, నడిచిపోతే దొరికే చోట ఎక్కడో ఉంటుందనీ ఆయన నమ్మకం. నల్లమల అంచున ఉన్న డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఆరేళ్లు చరిత్ర చెప్పిన మనిషి. శాసనం మీద అరచెయ్యి ఆనించారంటే, దాన్ని చెక్కినవాడు ఆ పొద్దు జొన్నసంగటి తిని కూర్చున్నాడో కొర్రన్నం తిని కూర్చున్నాడో చెప్పేసేవారు. ఒకసారి ఢిల్లీ పండితుడొకాయన వచ్చి ఫలానా కోటగోడ వయసెంతని అడిగితే, సార్ ఆయన్ను వెంటబెట్టుకుని పదకొండు రోజులు నడిపించారు. ఆ పండితుడు తిరిగి వెళ్లాక బతికినన్నాళ్లూ ఎవర్నీ ఏ ప్రశ్నా అడగలేదు, ఆఖరికి టైమెంతైందని కూడా. ఇదంతా అతిశయోక్తి అనేవాళ్లు ఆయన వెనక ఒక్క మే నెల నడిచి వచ్చి అప్పుడు మాట్లాడాలి.

అంతటి మనిషి దగ్గరికి ఒక శనివారం సాయంత్రం సువార్త అప్లికేషను పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు ఆయన క్లాసులో ముందు బెంచీ. ఇప్పుడు అదే కాలేజీలో పదకొండేళ్లుగా కాంట్రాక్టు లెక్చరరు. హైదరాబాదులో కాలేజీల చరిత్ర అధ్యాపకుల కోసం వేసవి శిబిరం పెడుతున్నారు. ఇరవై ఒక్క రోజులు. రానుపోను చార్జీలు, బస, భోజనం అన్నీ వాళ్లవే. అన్నిటికన్నా ముఖ్యం, కాంట్రాక్టు వాళ్లను గేటు కూడా దాటనివ్వని పాత రికార్డుల గదిలో ఆ మూడు వారాలూ కూర్చోవచ్చు. రాష్ట్రం మొత్తానికి ముప్ఫై సీట్లు. వయసు నలభై అయిదు దాటకూడదు, సువార్తకు ఆ జూలైతో దాటిపోతుంది. ఇదివరకు రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ రాలేదు. ఈసారికి సోమవారం ఆఖరు తేదీ.

ఫారంలో ఒక గడి ఉంది: మీరు స్వయంగా కలిసి మాట్లాడిన ఒక స్థానిక సాక్షి కథనం రాయండి. సువార్త ఆ గడి అందంగా నింపింది. డ్యాము నీళ్లలో మునిగిపోయిన రేవులపాడు గురించి రాసింది. నలభై అయిదేళ్ల కిందటి ఓటర్ల జాబితాలోంచి ఒక పేరు తీసుకుంది: తిరుపాలమ్మ, ఇంటి నంబరు 2-17. ఊరు ఖాళీ చేసిన రోజున తిరుపాలమ్మ ఆఖరి వంట వండి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, నీళ్లొచ్చి గడప తాకేదాకా వీధిలో నిలబడిందట. ఎవరూ పోయి ఆరా తీయకుండా, ఈ మాటలు చెప్పిన పది రోజులకే ఆమె కన్నుమూసిందని కూడా చేర్చింది. నిజానికి తిరుపాలమ్మను సువార్త చూడనే లేదు. రేవులపాడునూ చూడలేదు.

"మీ దగ్గర దాచేదేముంది సార్. ఊళ్లు పట్టుకుని తిరగడానికి నాకు తీరికెక్కడిది? ఆదివారాలు కూడా ట్యూషన్లే. అట్లా నిలబడిన ఆడమనిషి ఆ ఊళ్లో ఒకరన్నా ఉండే ఉంటారు గదా. ఒక ముసలామె పేరు వాడుకుంటే ఎవరికి నష్టం?"

సార్ గుమ్మం పక్కనున్న చెప్పుల వైపు చూశారు. "రేపు పొద్దున్నే ఆరింటి బస్సుకు రామ్మా. ఆ కాగితం కూడా తెచ్చుకో."

బస్సు దిగాక రెండు గంటల నడక. డ్యాము నీళ్లు వెనక్కు పోయి, అడుగు బయటపడి, కనుచూపు మేర పలకలు పలకలుగా పగిలిన ఒండ్రు. రాళ్లు కూడా నీడ కోసం పక్కకు జరుగుతాయా అనిపించే ఎండ. డెబ్బై ఎనిమిదేళ్ల సార్ ముందు నడుస్తుంటే సువార్త ఆయన వెనక పరుగులాంటి నడక నడిచింది. మిట్టమధ్యాహ్నానికి ఊరు కనిపించింది. గోడల్లేవు, కప్పుల్లేవు. మోకాలెత్తున రాతి పునాదులు, వాటి మధ్య సందులు, అక్కడక్కడా ఒక రోలు. ఆ పునాదుల్లో మనుషులున్నారు.

నలభైమంది దాకా ఉంటారు, అందరూ తలపండినవాళ్లే. నీళ్లు దిగాక ఏటా ఈ ఆదివారం పాత ఊరివాళ్లు వస్తారన్నారు సార్. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె లేని పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్లు మూరెడు దూరంలోనే ఉండి, మధ్య గోడ ఉన్నట్టు, ఒకరికొకరు కనపడనట్టు గొంతెత్తి మాట్లాడుకుంటున్నారు. పక్కింటికి వెళ్లాలంటే ఎవరూ పునాది దాటడం లేదు. సందులోకి వచ్చి, తిరిగి, గుమ్మం ఉండిన చోట నిలబడి దగ్గి, లోపల్నుంచి "రా" అన్నాకే అడుగు పెడుతున్నారు. ఒక్క నవ్వు లేదు, ఒక్క తొట్రుపాటు లేదు. సువార్త తొందరగా సార్‌ను అందుకోవాలని ఒక పునాది మీదుగా అడ్డంగా నడిచింది.

"ఎవురామె!" అని ఒక ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. "గోడలోనుంచి వస్తాండావేంది?"

అందరూ తిరిగి చూశారు. ఆ చూపుల్లో కోపం లేదు, భయముంది. అంత ఊళ్లో తానొక్కతే దయ్యమైనట్టు సువార్త గబగబా వెనక్కు పోయి, సందులోకి దిగి, చుట్టూ తిరిగి వచ్చింది.

ఆ సందు చివర ఒక డెబ్బై ఏళ్లామె ఖాళీ ఇల్లు ఊడుస్తోంది. కొన్ని గడపల మీద అడ్డంగా ఒక బండరాయి పెట్టి ఉంది. మనిషి పోయినట్టు కబురొస్తే అట్లా రాయి పెడతారనీ, ఆ పైన ఆ ఇంట్లోకి ఎవరూ పోరనీ ఊడ్చే ఆమే చెప్పింది. ఈ గడప మీద రాయి లేదు.

"ఇది ఎవరిల్లమ్మా?" అంది సువార్త.

"మా అక్క తిరుపాలమ్మది. నేను చెల్లెల్ని, ఈరమ్మ అంటారు. అక్క పుష్కరాలకని పోయి తొమ్మిదేండ్లాయె. ఉండాదో లేదో చెప్పే దిక్కు లేదు. వస్తే కూచుంటాదని ఏడాదికోసారి ఊడ్చి పెడతా." చీపురు ఆపి ఆమె సువార్త చేతిలోని కాగితం చూసింది. "నీకేమన్నా కబురు తెలుసునా తల్లీ?"

సువార్త సార్ వైపు చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నారు. తెలియదమ్మా అంటే అయిపోయేది. కానీ తొమ్మిదేళ్లుగా కబురు కోసం చూస్తున్న మనిషి ముందు కబురు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఇది ఓదార్పే గదా అనుకుంది. తను అంత బాగా రాసింది ఎవరైనా వింటే బాగుండునన్న ఆశ కూడా కొంచెం లేకపోలేదు. కాగితం విప్పి చదివింది. వంట, తాళం, తాళంచెవి, గడప తాకిన నీళ్లు, పది రోజులకు చావు. ఒక్కొక్కరే సందుల్లోంచి చుట్టూ తిరిగి వచ్చి నిలబడ్డారు.

మొదట నోరు విప్పింది ఇందాక ఉలిక్కిపడిన ముసలాయనే. ఆయన పేరు హుస్సేనప్ప. "తాళమేంది మేడమ్? నీళ్లొచ్చే వారం ముందే తలుపులు, దూలాలు అన్నీ పీక్కోని పోతిమి. కొత్తూర్లో ఇండ్లు కట్టుకోవద్దా? ఈ ఇంటి తలుపులు ఎక్కించింది నా బండి మీదనే. తలుపే లేని ఇంటికి తాళం ఎట్లేస్తాది?"

"అక్క ఏసింది." ఈరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "నేను చూసినా. నడుముకు దోపుకునింది."

"ఇత్తడిది," అంది పక్కామె మెల్లగా. "గుండ్రంగా ఉండె, కొసన తాడు."

"తాళం ఏసిన సద్దు మా ఇంట్లోకి ఇనపడె," అన్నారు వెనకనుంచి ఇంకెవరో. "టక్కుమని."

హుస్సేనప్ప తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. మొయ్యడం ఆ చేతులకే గుర్తుండాలి గదా అన్నట్టు చాలాసేపు చూసుకున్నాడు. "నాలుగు తలుపులు ఎక్కిస్తి... లేదు, మూడే. వీధి తలుపు ఎక్కియ్యలా." తల ఎత్తినప్పుడు అతని ముఖంలో ఏ సందేహమూ లేదు. "అవును. తాళం ఏసి ఉండె. అందుకే పీకలేకపోతి."

సువార్త బల్ల మీద, తన పెన్నుతో, ఒక శుక్రవారం పూట పుట్టిన తాళంచెవి నలభైమంది కళ్లలో మెరుస్తోంది. బండికెత్తిన ఆ నాలుగో తలుపు ఇక ఎక్కడా లేదు.

"అమ్మా, అది నేను కల్పించి రాసింది!" అని అరిచింది. "మీ అక్కను నేను చూడలేదు. ఆమె పోయిందో ఉందో నాకు తెలియదు. తాళం లేదు, ఏమీ లేదు. ఆయన మొదట చెప్పిందే నిజం!"

ఎవరూ కోప్పడలేదు. ఈరమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని నీళ్ల సీసా అందించింది. "ఎండ తలకెక్కినట్టుంది పాపం. నువ్వు చూడకపోతే ఏంలేమ్మా, మేం చూసినాం గదా."

ఇద్దరు ముసలివాళ్లు ఒక బండరాయి మోసుకొచ్చి 2-17 గడప మీద అడ్డంగా పెట్టారు. సువార్త అడ్డుపడబోయింది, వాళ్లు ఆగలేదు. ఈరమ్మ చీపురు పక్కన పెట్టి గుమ్మం ముందుకు వచ్చింది. తలుపు దగ్గరకు లాగినట్టు చెయ్యి లాగింది. నడుము దగ్గర తడుముకుని, ఏదో తీసి, ఖాళీ గాలిలో మణికట్టు తిప్పింది.

టక్కుమంది.

నలభై తలలూ ఒక్కసారి ఊగాయి. ఆ చప్పుడు సువార్తకూ వినపడింది, రెండడుగులు వెనక్కు వేసింది. సార్ ఆమెనే చూస్తున్నారు.

ఇద్దరూ బస్సొచ్చే రోడ్డు మీదకు చేరారు. అక్కడ మైలురాయి మీద కూర్చుని సువార్త ఫారం తీసింది. పెన్ను మూత లాగింది. "సీటు పోతే పోయింది సార్," అంది. "ఈ గడి కొట్టేస్తాను."

సార్ చెప్పులు విప్పి, అంటుకున్న ఒండ్రు దులుపుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు:

"ఎందుకమ్మా? వాళ్లు అడిగింది ఒక్క సాక్షినే గదా. నీతో కలిపి ఇప్పుడు నలభై ఒక్కరున్నారు."