కుడి మూడో గది

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నేల మీద కంటే నేల కిందే ఊళ్లెక్కువ. అన్నీ పందికొక్కుల బొరియలే. ఏ బొరియ చూసినా అదే వరస: కుడి ఒకటో గది, కుడి రెండో గది, ఎడమ ఒకటో గది. లోపలివాళ్లకు ఆ పేర్లు చాలు. మనింట్లో మినుకుమినుకుమనే ఇంటర్నెట్ పెట్టె ఉంది చూశారా పిల్లలూ, అది ఇంటి లోపలి వాడకానికి మన ఫోన్లకిచ్చే గుర్తు నంబర్లే పక్కింటి పెట్టె కూడా వాళ్ల ఫోన్లకిస్తుంది. గడప దాటితే వాటి ముఖం చూసేవాడు లేడు. బొరియల సంగతీ అంతే.

రేల చెట్టు కింది బొరియలో కుడి మూడో గది ఈరాలు అనే పందికొక్కుది. అన్నిటికంటే వెడల్పైన గది, వానాకాలంలోనూ తడవని గది. "కుడి మూడో గది ఈరాలంటే తెలియనివాళ్లెవరు?" అని మూతి ఎగరేసేది. బొరియ ముందున్న గడ్డి దాటి ఏనాడూ పోయిన పాపాన పోలేదు.

ఒక పొద్దున ఈరాలు కూతురు బుడిగిని తేలు కుట్టింది. పిల్ల నోట నురగ. తేలు మందు అడవి మొత్తానికి వాగవతలి ఉడుత వైద్యురాలి దగ్గరే ఉంది.

ఈరాలు గుమ్మంలోకి ఉరికి గోరువంకను కేకేసింది. "ఉడుతమ్మకు కబురు పెట్టు! తేలు మందు తీసుకుని కుడి మూడో గదికి రమ్మను!"

గోరువంకల కబురు చెట్టు నుంచి చెట్టుకు, పిట్ట నుంచి పిట్టకు మారుతూ పోతుంది. చెప్పిన మాటకు ఒక్క ముక్క కలపరు, ఒక్క ముక్క తీయరు. అది వాళ్ల కట్టుబాటు.

గుమ్మం కాసే ముళ్లపంది తాత తల ఎత్తాడు. "అమ్మా ఈరాలూ, అది లోపలి పేరా, బయటి పేరా? చూసుకో. అదిగో కుందేలు పోతోంది. కుడి మూడో గదెక్కడో అడుగు. చెప్పగలిగితే బయటి పేరే. తెలియక నోరెళ్లబెడితే లోపలిది."

"పిల్ల చస్తుంటే దారిన పోయేవాళ్లతో ముచ్చట్లా తాతా? ముళ్లు పెరిగినంత బుద్ధి పెరగలేదు నీకు!"

"పోనీ, రేల చెట్టు కింద, పగిలిన బండ పక్కన అని కలుపు. గుమ్మం దాకా వస్తే చాలు, ఏ గదో నేను చూపిస్తాను."

"చెట్టూ బండా చెప్పుకోవడానికి నేనేమన్నా గతిలేనిదాన్నా? నాకో గది ఉంది!"

గోరువంక ఎగిరిపోయింది.

ఉడుత నూరిన ఆకు నోట కరుచుకుని పరుగున వచ్చింది. మొదటి బొరియలో కుడి మూడో గది నిండా జొన్నకంకులు. రెండో బొరియలో కుడి మూడో గదిలో ఒక చెవిటి ముసలిది. "తేలా? ఏ తేలు? పోవే!" అని కసిరింది. మూడో బొరియలో ఒక బలిసిన పందికొక్కు గుమ్మంలోకే ఎదురొచ్చాడు. "నేనే తల్లీ కుడి మూడో గది. తేలు కుట్టినవాళ్లు లోపలున్నారు, ఇలా ఇవ్వు" అన్నాడు. మందంతా తీసుకెళ్లి తన తోక దురదకు రాసుకున్నాడు.

"ఉడుతమ్మ వచ్చిందా అమ్మా?" అంది బుడిగి.

"దారిలో ఉందే."

ఇంకోసారి అడిగింది. "దారిలో ఉందే" అంది ఈరాలు. మూడోసారి బుడిగి అడగలేదు.

పిల్లను పూడ్చిన మర్నాడు ఇరుగుపొరుగు చేరారు. "ఉడుతకు కళ్లు నెత్తికెక్కాయి" అన్నారు. "కుడి మూడో గది తెలియదా దానికి?" అన్నారు. వాళ్లెవరూ గడ్డి దాటినవాళ్లు కారు.

ఈరాలు లేచి, ముళ్లపంది తాతను దాటి, గడ్డి దాటి, దారి మీదికి పోయింది. కుందేలు ఎదురైంది.

"అన్నా, కుడి మూడో గదెక్కడ?"

కుందేలు నిలబడి, తల గోక్కుని అడిగింది: "ఏ బొరియలోదమ్మా?"

నీతి: ఇంట్లో అందరికీ తెలిసిన పేరు లోకానికి తెలిసిన పేరు కాదు. అది గడప దాటి చెల్లుతుందో లేదో కబురు పంపేముందే అడిగి తెలుసుకో, పిల్లను పూడ్చాక కాదు.