ఎదగని చుక్క

మునిశేఖర్ చేతిలో బాక్టీరియా పెరిగినంత ఏపుగా ఆ ల్యాబులో ఇంకెవరి చేతిలోనూ పెరిగేది కాదు. పొద్దున పెట్టిన ఫ్లాస్కు మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి చిక్కటి మజ్జిగలా తయారయ్యేది. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకి మునిశేఖరే చెప్పేవాడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. అతనికి కావలసిన ప్రోటీన్ మాత్రం అందులో ఉండేది కాదు.

ఆ ప్రోటీన్ ఒక జబ్బు బాక్టీరియా పైపొరలో ఉండే గేటు లాంటిది. మనం మింగిన మందును ఆ బాక్టీరియా ఈ గేటులోంచి బయటికి నెట్టేస్తుంది. గేటు రూపం తెలిస్తే దానికి గడియ పెట్టే ఉపాయం దొరకొచ్చు. పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలంటే ప్రోటీన్ బోలెడు కావాలి. జబ్బు బాక్టీరియాను అంతంత పెంచలేరు గనక, దాని జన్యువును ల్యాబులో పెరిగే సాధు బాక్టీరియాలో పెట్టి, ఆ ప్రోటీన్‌ను దానిచేత చేయిస్తారు. మునిశేఖర్ ఏడాదిగా తంటాలు పడుతున్నది ఆ పనితోనే. నెలాఖరుకి మైక్రోస్కోపు దగ్గర వాళ్ళ వంతు. అప్పటికి చేతిలో ప్రోటీన్ లేకపోతే ఆ వంతు, దానితోపాటు అతని ఏడాది కష్టం, వేరేవాళ్ళ పాలవుతాయి.

చివరికి అభిమానం చంపుకుని ఫిలోమినా మేడమ్‌ని బల్ల దగ్గరికి పిలిచాడు. ఆవిడ అక్కడ ప్రొఫెసర్. గుంటూరు వైపు మనిషి. పొగడ్త ఆవిడ నోట విన్నవాళ్ళు ఎవరూ లేరు.

"నా వైపు లోపం లేదు మేడమ్. ఎలా పెరిగిందో మీరే చూడండి" అంటూ బాక్టీరియా మొలిచిన ప్లేటు ముందు పెట్టాడు.

ప్లేటు నిండా తెల్లటి చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో కణం నుంచి పుట్టిన సంతానం. వాటిలో సగ్గుబియ్యం గింజల్లా నిగనిగలాడేవి ఏరి అతను ఫ్లాస్కులో వేసేవాడు. మిగతావి పారేసేవాడు.

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ప్లేటును వెలుతురులోకి ఎత్తి మెల్లగా తిప్పింది. పుల్ల ఒకటి తీసుకుని, బలిసిన చుక్కలన్నీ దాటుకుంటూ పోయి, అంచున సూదిమొనంత ఉన్న చుక్కను తాకింది. పుల్ల అతని చేతికిచ్చింది.

"ఇది వెయ్యి."

"అది ఎదగలేదు మేడమ్."

"ఎందుకు ఎదగలేదో అడిగావా?"

"ఎవర్ని?"

ఆవిడ ప్లేటుకి మూత పెట్టి వెళ్ళిపోయింది.

మునిశేఖర్‌కి ఒళ్ళు మండింది. అయినా వేశాడు. మర్నాడు చూస్తే ఫ్లాస్కులో గంజి తేటలా పలచగా, ఉందా లేదా అన్నట్టుంది.

"ఏంటి మునీ, పుల్లతో వేశావా, వేసినట్టు నటించావా?" అంది పక్క బల్ల హిమజ.

అందరూ నవ్వారు. అతను ఫ్లాస్కుని, వాటిని ఊపే షేకర్‌లో వెనక వరసలోకి, ఎవరి కంటా పడని చోటికి జరిపేసి టీకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అది ముందు వరసలో ఊగుతోంది. ఎవరు మార్చారని అడగలేదు. ఫిలోమినా మేడమ్ చేతులు తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్తోంది.

సాయంత్రం దాన్ని మెషీన్‌లో వడిగా తిప్పితే అడుగున గోరు మీద పట్టేంత ముద్ద చేరింది. ఉడుకుమోత్తనంతో అతను తన బలిసిన చుక్కల ముద్దను కూడా పక్కనే పెట్టి రెండింటినీ, ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్ మీద పరీక్ష చేశాడు. రంగు పట్టాక చూశాడు. గేటు ప్రోటీన్ ఉండాల్సిన చోట, బలిసినవాటి వరస బోసిగా ఉంది. ఎదగని చుక్క వరసలో మాత్రం చిక్కటి నీలం గీత.

మునిశేఖర్ స్టూలు మీద కూలబడ్డాడు. తనది కాని గేటును తయారుచేసి తన ఒంటి పొరలోనే ఇరికించుకోవడం ఆ పిసరంత ప్రాణికి ఎంత బరువు! బలిసినవి ఆ బరువు ఎప్పుడో దించేసి, హాయిగా తిని పెరిగాయి. ఏడాదిగా తను ఏరి ఏరి సాకింది వాటినే. చెప్పలేనంత సిగ్గేసింది. ఆ గీతను మళ్ళీ చూసుకుంటే చెప్పలేనంత సంతోషమూ వేసింది.

జెల్ తీసుకెళ్ళి చూపిస్తే మేడమ్ తల కూడా ఎత్తలేదు. "ఒక్కటి ఏం సరిపోతుంది? ఇంకా పెట్టు" అంది.

ఆ వారంలోనే మైక్రోస్కోపు కేంద్రం నుంచి సూర్యప్రకాశం గారు వచ్చారు. పని తయారుగా లేనివాళ్ళ వంతు రద్దు చేయడానికే ఆయన ల్యాబులు తిరుగుతున్నారు. షేకర్ దగ్గర ఆగారు. మిగతా అందరి ఫ్లాస్కులూ చిక్కగా ఉన్నాయి. ముందు వరసంతా వెలవెలబోతోంది.

"ఇవెవరివి? చెడిపోయినట్టున్నాయే" అన్నారు.

హిమజ తల దించుకుంది. మునిశేఖర్ నలుగురినీ తప్పించుకుని ముందుకొచ్చి షేకర్ పక్కన నిలబడ్డాడు.

"నావి సార్. చెడిపోలేదు. పనిలో ఉన్నాయి."

గొంతులో ఇదివరకటి గర్వం ఏమీ తగ్గలేదు. పైగా కాస్త పెరిగింది కూడా.

సూర్యప్రకాశం గారు ఇంకా అనుమానంగానే ఫిలోమినా మేడమ్ వైపు తిరిగారు. "మరి మీ పేరు మీదున్న వంతు ఉంచమంటారా, తీసేయమంటారా?"

ఆవిడ శిష్యుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసింది.

"నా పేరు తీసేయండి సార్" అంది. "ఇతని పేరు రాసుకోండి."