తిరగేసి బిగించిన కండెన్సర్

"వానపామును అరచేతిలో వేసుకుంటే దాని తల ఎటో చెప్పగలరా?"

ఎస్తేరమ్మ టీచరు తన ముగ్గురు మనవల్నీ అడిగిన ప్రశ్న అది. నిజానికి ప్రశ్న ముందు అడిగింది ఆమె కాదు, పెద్దమనవరాలు స్టెల్లా. అయితే ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన ఆ మనిషికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఇంకో ప్రశ్న వేసి ఊరుకుంటుంది. మిగతాది జరిగేదే చెబుతుందని ఆమె నమ్మకం.

"పాకే వైపు తల," అన్నాడు బెన్నీ.

"పాకకుండా పడుకుంటే?"

బెన్నీ తన ఖాళీ అరచేతిని అనుమానంగా చూసుకున్నాడు. "రెండు పక్కలా తోకే అనుకుని వదిలేస్తే సరి," అని కెజియా నవ్వింది. స్టెల్లా మాత్రం నవ్వలేదు. ఆమె ముందు బల్లమీద మూత విప్పిన ఇనప డబ్బీ ఉంది. గిటారుకీ స్పీకరుకీ మధ్య నేలమీద పెట్టి కాలితో నొక్కే పెడల్ అది. నొక్కితే తీగ మోత మారిపోతుంది. స్టెల్లా అలాంటివి సొంతంగా చేసి అమ్ముతుంది. టంకం పట్టడం అమ్మమ్మ దగ్గరే నేర్చుకుంది. అమ్మమ్మ తన భర్త రేడియో షాపులో నేర్చుకుంది.

స్టెల్లా అడిగింది చిన్న సంగతే. పెడల్లో పెట్టే కండెన్సర్లు రెండు రకాలు. ఒకటి చిన్న డోలులా ఉంటుంది. దానికి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి, మైనస్ పక్కన తెల్లచార ఉంటుంది, అటుదిటు పెట్టకూడదు. రెండోది బిళ్ళలా ఉంటుంది. దానికి వైపు లేదు, ఎలా పెట్టినా ఒకటే. వీటిలో ఏది పెట్టాలి?

అడిగింది చిన్న సంగతే అయినా ఆ పూట అది చిన్నది కాదు. ఎందుకంటే బల్లమీదున్న పెడల్ స్టెల్లా చేసింది కాదు. దాన్ని చేసిన జోయెల్ పచ్చకామెర్లతో పోయి ఎనిమిది నెలలైంది. వాళ్ళమ్మ రూతమ్మ ఎదురుగా స్టూలుమీద కూర్చుని ఉంది.

మూత విప్పకముందు రూతమ్మ అందరికీ ఒకటి వినిపించింది. డబ్బీలో బ్యాటరీ పెట్టి, వైరును చిన్న స్పీకరుకు తగిలించింది. ఆ పని ఆమె వేళ్ళకు బాగా అలవాటైనట్టుంది. గిటారు కలపలేదు. ఫ్యాను ఆపమని చెప్పి, పెడల్ మీట నొక్కింది.

మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ తెల్లగా మండుతోంది. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత స్పీకరు లోపల ఎక్కడో గాలి పోగైనట్టు ఒక చప్పుడు లేచింది. మెల్లగా పైకి వచ్చి, అంచున చిటపటలాడి, ఒక క్షణం ఆగి, దిగిపోయింది. మళ్ళీ లేచింది. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకు తెలిసే చప్పుడు అది. బెన్నీ జరిగి జరిగి కెజియా వెనక్కి చేరాడు. ఎస్తేరమ్మ అలవాటుకొద్దీ వేళ్ళమీద లెక్కపెట్టింది. లేవడానికి నాలుగు, దిగడానికి మూడు. అయిదోసారి లేచింది మాత్రం ఎంతకీ దిగలేదు. గదిలో అందరూ తెలియకుండానే తమ ఊపిరి బిగబట్టారు. అప్పుడు దిగింది.

"మొదట్లో చెవి ఆనిస్తేనే గానీ వినపడేది కాదండి," అంది రూతమ్మ. "నెలనెలకీ దగ్గరికొస్తన్నాడు." సామర్లకోటలో రైలెక్కాడని చెప్పినంత మామూలుగా చెప్పింది. "వారం నుంచి కాలిన వాసనేస్తంది. ఆ వాసన పోగొట్టు తల్లీ. ఊపిరి మాత్రం కదపొద్దు."

"ఫోన్లో రికార్డు చేసుకోండి ఆంటీ," అంది స్టెల్లా.

"చేశానమ్మా. ఫోన్లోది ఎప్పుడేసినా అదే ఊపిరి. ఇది రోజుకో తీరు."

మూత విప్పగానే స్టెల్లాకు విషయం తెలిసిపోయింది. డోలులాంటి కండెన్సర్ ఒకటి తలకిందులుగా బిగించి ఉంది. తెల్లచార ఉండాల్సిన పక్కన లేదు. దాని పైభాగం కురుపులా ఉబ్బింది. వాసన దానిదే, ఊపిరీ దానిదే. ఉంచితే ఏ రోజైనా పగులుతుంది. తీస్తే ఇప్పుడే ఆగుతుంది. దాని చోట ఏది పెట్టినా ఆ తల్లికి కొడుకు ఊపిరి ఉండదు. అందుకే ఏది పెట్టాలని అమ్మమ్మను అడిగింది. అమ్మమ్మేమో వానపాము దగ్గర ఆగింది.

ఎస్తేరమ్మ కళ్ళజోడు సర్దుకుని డబ్బీ మూతలో మడిచి పెట్టిన కాగితం తీసింది. జోయెల్ ఏ బొమ్మ చూసి పెడల్ చేశాడో ఆ బొమ్మ అది. కాగితాన్నీ, డబ్బీలో కండెన్సర్లు బిగించిన పలకనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. కాగితంలో ఎడమనుంచి కుడికి ఉన్నదంతా పలకమీద కుడినుంచి ఎడమకు ఉంది, అద్దంలో చూసినట్టు. అన్నిటినీ తన చేతివాటానికి తిప్పుకున్నాడు. ఆ ఒక్క డోలు కండెన్సర్‌ను మాత్రం, చెప్పినమాట వినే పిల్లాడిలా, కాగితంలో ఉన్నట్టే పెట్టాడు.

"వీడు ఎడమచేతివాటం కదూ," అంది.

"భలేవారే, మాన్పించింది మీరే కదండీ!" రూతమ్మ ముఖం మొదటిసారి వెలిగింది. "మూడో తరగతిలో. ఎడమచేతికి రిబ్బను కట్టి బెంచీకి ముడేసేవారు. రెండు నెలలు. మీ పుణ్యమా అని నలుగురిలో కుడిచేత్తో అన్నం తిన్నాడు. చర్చిలో కుడిచేత్తోనే గిటారు వాయించాడు. ఇంట్లో తలుపేసుకుంటే మాత్రం తిరగేసి పట్టుకునేవాడండి. నేను చూడనట్టు పోయేదాన్ని."

"బాగా వాయించేవాడా?"

"చర్చిలోనా, ఇంట్లోనా?"

ఎస్తేరమ్మ కాగితం మడతలమీదే మడిచి పెట్టింది. ఆమె చేతులు అంత నెమ్మదిగా పనిచేయడం స్టెల్లా ఎప్పుడూ చూడలేదు.

"రూతమ్మా, ఇది ఊపిరి కాదమ్మా. దీనికి ఒక వైపు ఉంది. ఆ వైపు కాకుండా బిగిస్తే వెంటనే ఏమీ అవదు. పని చేస్తుంది. చూసేవాళ్ళకు బాగానే ఉంటుంది. లోపలి పొర మాత్రం కొంచెం కొంచెం తరిగిపోతుంది. నువ్వు వినేది అదీ."

రూతమ్మ డబ్బీ వైపు చూసింది. "అంటే, నొప్పా?"

వస్తువులకు నొప్పి ఉండదని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి ఎస్తేరమ్మ. స్టెల్లా అమ్మమ్మ ముఖంలోకి చూసింది.

"ఆఁ," అంది ఎస్తేరమ్మ.

"మరి నేను రోజూ నొక్కతన్నానే!" రూతమ్మ మీటమీది చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. "తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి."

స్టెల్లా బ్యాటరీ తీసి, కండెన్సర్‌ను ఊడదీసింది. రెండు కాళ్ళకూ స్క్రూడ్రైవరు ఆనించి అందులో మిగిలిందంతా ఖాళీ చేసింది. న్యూస్‌పేపరు మీద పడుకోబెట్టి వోల్టులు కొలిచే మీటరు తగిలించింది. సున్నా. అంతా అయిపోయిందని పిల్లలు కూడా కదిలారు.

అప్పుడు మీటరుమీద మూడు మిల్లీవోల్టులు కనపడ్డాయి. తర్వాత తొమ్మిది. పద్నాలుగు.

"ఎవరూ తాకలేదు కదండీ," అంది రూతమ్మ.

ఎవరూ తాకలేదు. లోపలికి ఇంకినది ఒక్కసారిగా రాదని, ఖాళీ చేశాక కూడా ఊరుతుందని స్టెల్లా చదివింది. చెప్పబోయింది. అమ్మమ్మ కళ్ళు చూసి మానుకుంది. అంకెలు ఇరవై రెండు దాకా పాకి నిలిచాయి. పట్టపగలు, ఏ బ్యాటరీ లేని ఆ చిన్న డోలు చెప్పాల్సింది ఇంకా ఉన్నట్టు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్కటే దిగసాగాయి. సున్నా వచ్చేదాకా ఎవరూ లేవలేదు.

"ఇప్పుడు పెట్టు," అంది ఎస్తేరమ్మ. "ఇక్కడ చిన్నది చాలు. వైపు లేనిది పెట్టు."

స్టెల్లా బిళ్ళలాంటిది బిగించింది. రూతమ్మ మీట నొక్కింది. స్పీకరులో ఏమీ లేదు. చెవి ఆనించింది. ఏమీ లేదు. ఆమె లేచి, గోడకున్న స్టెల్లా గిటారు తీసుకుని, వైరు స్టెల్లాచేతే తగిలించి, గిటారును తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేత్తో ఒక్క తీగ మీటింది. మోత శుభ్రంగా, నిండుగా వచ్చింది. అది దానంతటది ఆగేదాకా ఉండలేదు. అరచేయి వేసి తనే ఆపింది. పెడల్ సంచిలో పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. ఊడదీసినదాన్ని అడగలేదు.

స్టెల్లా బల్ల సర్దుతూ అంది, "ఇకనుంచి అన్నిచోట్లా వైపు లేనివే పెడతాను అమ్మమ్మా. ఏ గొడవా ఉండదు."

"ఎక్కువ కరెంటు పట్టాల్సిన చోట?"

"వైపు లేనివాటిలో అంతంత లావువి డబ్బీలో పట్టవు."

"మరి?"

"వైపున్నదే పెట్టాలి."

"పెట్టు. ఎటు పెట్టాలో దాని ఒంటిమీదే రాసి ఉంటుంది." ఎస్తేరమ్మ ఉబ్బిన కండెన్సర్‌ను చేతిలోకి తీసుకుని తెల్లచారను బొటనవేలితో తడిమింది. "నాకు చదవడం వచ్చు. అయినా ఆ పిల్లాడిమీద ఉన్నది చదవలేదు."

కెజియా ఏదో అడగబోయింది. అమ్మమ్మ అప్పటికే లేచింది. పొద్దున సగమే ఆరేశానని, మిగతా దుప్పట్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయంటూ పెరట్లోకి నడిచింది.