గుమ్మం దాటిన లిల్లీ కుండీ

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త మంగాయమ్మ. గోరింటాకు రుబ్బుతూ చెప్పింది. ఈ కథని వేరేవాళ్ళు వేరేలా చెబుతారు, అవేవీ నమ్మకు. కాళ్ళు చాపుకో. దుప్పటి కొస నోట్లోంచి తియ్యి. ఊఁ కొడుతుంటేనే చెబుతాను.

అనగనగనగా, గోదావరి కాలవ పక్కన, మొక్కలే పంటగా బతికే ఒక ఊళ్ళో మంగాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆఁ, ఆవిడే. కథ చెప్పినావిడే కథలో ఉంది. అడ్డం రాకు.

ఆ రోజుల్లో ఆ ఊరికి లారీలు లేవు. మొక్కల్ని అరటి డొప్పల్లో చుట్టి పడవలకెత్తేవారు. పడవ కదిలితే కాలవ మీద తోటే నడిచిపోతున్నట్టుండేది. తడిమట్టి వాసన, సంపెంగ వాసన, మాగిన పేడ వాసన, ఈ మూడూ కలిస్తే ఆ ఊరి వాసన. ఇప్పుడా వాసన రమ్మన్నా రాదు.

మంగాయమ్మ పెద్దతోట భద్రయ్య దగ్గర అంట్లు కట్టేది. కొమ్మకి కొమ్మ ఆనించి, అరటినారతో చుట్టి, ఒక్క ముడి వేసేది. వంద కడితే వందా అతుక్కునేవి. అక్షరం ముక్క రాదు గానీ, ఆకు వెనక్కి తిప్పి చూసి మొక్క వయసు చెప్పేసేది. అందుకే ఆవిడకి కొంచెం పొగరు. మొక్కల గురించి నాకొకరు చెప్పాలా అనేది.

ఆవిడకి పిల్లల్లేరు. మొగుడు చనిపోయిన ఏడాది, వరదలో ఒక తెల్ల పిల్లికూన చూరు పట్టుకుని వేలాడుతూ దొరికింది. దానికి సున్నం అని పేరు పెట్టింది. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఆవిడతో మాట్లాడింది ఆ సున్నం ఒక్కటే. ఆ తర్వాత ఒక నల్ల కుక్క వెంటపడి వచ్చేసింది. దాని పేరు బొగ్గు. ముందు వాటికి అన్నం పెట్టి, అప్పుడు తను తినేది.

అలా కొన్నాళ్ళు గడిచాక, మంగాయమ్మ తాటాకు కొంప తీసేసి పెంకుటిల్లు వేసుకుంది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్తింట్లోకి వెళ్తే చుట్టుపక్కల వాళ్ళు గిన్నెలూ చీరలూ పెట్టరు. తాము పెంచిన మొక్క తెచ్చి పెడతారు. దాన్ని పెట్టుడు మొక్క అంటారు. అది ఇంట్లో కొత్త ఆకు వేసేదాకా గుమ్మం దాటించకూడదు. దాటించావంటే, ఇచ్చినవాళ్ళ హస్తవాసి మంచిది కాదని ఊరంతటికీ చాటినట్టే. మొక్కలు పెంచుకు బతికేవాళ్ళకి అంతకంటే పెద్ద తిట్టు ఏముంటుంది చెప్పు?

మంగాయమ్మకి మూడు పెట్టుడు మొక్కలు వచ్చాయి. పక్కింటి చిన్నమ్ములు మనీప్లాంటు తెచ్చింది. కుండీలు చేసే గవరయ్య కలబంద తెచ్చాడు. అప్పుడు భద్రయ్యే స్వయంగా వచ్చాడు. బెంగుళూరు నుంచి గడ్డలు తెప్పించి పెంచిన లిల్లీ తెచ్చాడు. మనం దండల్లో కట్టే సన్నలిల్లీ కాదు. బూర అంత పువ్వు, మధ్యలో పసుపు పొడి.

"జాగ్రత్తగా చూసుకో మంగాయమ్మా. ఈ జిల్లాలో ఇంకెవరింట్లోనూ లేదు," అన్నాడు.

"ఆయ్, కళ్ళలో పెట్టుకుంటానండి," అంది.

అప్పుడు మంగాయమ్మ మనీప్లాంటుని గుమ్మం లోపల నేల మీద పెట్టింది. రెండో రోజుకి బొగ్గు దాని ఆకు కొరికింది. నోటి నిండా చొంగ. కాలితో మూతి గీరుకుంటూ, కుయ్యో కుయ్యోమని వాకిలంతా దొర్లింది. మంగాయమ్మ దాని నోట్లో నీళ్ళు పోసి కడిగింది. దిష్టి తగిలిందనుకుని ఉప్పు తిప్పి పోసింది. కుండీని మాత్రం అందకుండా అటక మీదకి ఎక్కించింది.

ఆ తర్వాత కలబందని కిటికీ గూట్లో పెట్టింది. కుక్కకి అందదు కదా అనుకుంది. పిల్లికి అందుతుందని అనుకోలేదు. సున్నం గూట్లోకి గెంతి, కలబంద మట్టని కసుక్కున కొరికింది. సాయంత్రం దాకా కక్కుతూనే ఉంది. బల్లిని తినుంటుందని మంగాయమ్మ దాన్ని రెండు తిట్లు తిట్టింది. కలబంద కూడా అటకెక్కింది.

చిన్నమ్ములు చూసి నవ్వింది. "ఏంటొదినా, అటక మీద తోట వేస్తున్నావా? నీళ్ళు పొయ్యాలంటే నిచ్చెనెక్కుతావా?"

"ఎక్కుతాను. నా ఇల్లు, నా నిచ్చెన," అంది మంగాయమ్మ.

ఇక మూడోది లిల్లీ. భద్రయ్య ఇచ్చింది కదా, అటక మీద దాచేస్తే బాగుండదు. వచ్చినవాళ్ళకి కనపడాలి. అందుకని ఆవిడ బాగా ఆలోచించి, నడింట్లో వాసానికి ఉట్టి కట్టి అందులో పెట్టింది. కుక్క ఎగరలేదు, పిల్లి పాకలేదు. అబ్బో, ఎంత తెలివైనదాన్నో అనుకుంది.

ఉట్టి కింద నేల చల్లగా ఉండేది. సున్నం రోజూ మధ్యాహ్నం అక్కడే పడుకునేది. ఆ పసుపు పొడి రాలి దాని ఒంటి మీద పడేది. మంగాయమ్మ చూసి మురిసిపోయింది. "చూడు చిన్నమ్ములూ, మా సున్నం పేరంటానికి వెళ్ళొచ్చినట్టు పసుపు రాసుకుంది," అంది. సున్నం ఏం చేసింది? పిల్లి కదా, ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకుంది.

ఆ పూట అన్నం ముట్టలేదు. రెండుసార్లు కక్కింది. నీళ్ళ ముంత దగ్గరే కూలబడింది. పిలిస్తే చెవి కూడా కదపలేదు.

మంగాయమ్మ పిల్లిని చీరకొంగులో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు కొంగు మీద పసుపు మరక చూసింది. ఆగింది. నేల మీద పెట్టినది కుక్క కొరికింది. గూట్లో పెట్టినది పిల్లి కొరికింది. ఉట్టిలో పెట్టినది ఎవరూ కొరకలేదు, అదే కిందకి రాలింది. ఎంత ఎత్తున పెట్టినా లోపల ఉన్నది లోపలే ఉంటుంది కదా!

వెనక్కి తిరిగి ఉట్టిలోంచి లిల్లీ కుండీ దింపింది. ఈ చంకలో పిల్లి, ఆ చంకలో కుండీ. అప్పుడే చిన్నమ్ములు ఎదురొచ్చింది.

"ఒదినా! ఇంకా ఆకు వెయ్యలేదు! గుమ్మం దాటిస్తావా? భద్రయ్య గారికి తెలిస్తే నిన్ను తోటలో కాలు పెట్టనిస్తాడా?"

మంగాయమ్మ చిన్నమ్ముల్ని చూసింది. కుండీని చూసింది. కొంగులో సున్నాన్ని చూసింది. "ఆయనకి చెప్పుకోవడానికి నాకు నోరుంది. దీనికి లేదు," అంది. గుమ్మం దాటేసింది.

పశువుల డాక్టరు గారు కుండీ చూడగానే కుర్చీలోంచి లేచారు. "ఏం తిందో తెలియక ఎంతమంది వస్తారో! మొక్కని తెచ్చి మంచిపని చేశావమ్మా. ఈ లిల్లీ పొడి కొంచెం నాకినా చాలు, పిల్లికి మూత్రపిండాలు పోతాయి. రేపటిదాకా ఆగుంటే నా చేతిలో ఉండేది కాదు," అన్నారు. ముందు దాని ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిపించారు. ఆ తర్వాత సెలైను పెట్టారు. మూడు రోజులు పెట్టారు. మూడు రోజులూ మంగాయమ్మ ఆసుపత్రి అరుగు మీదే కూర్చుంది. మనీప్లాంటుకి చొంగ ఎందుకు కారిందో, కలబందకి ఎందుకు కక్కిందో అక్కడే అడిగి తెలుసుకుంది. నాకొకరు చెప్పాలా అనే మనిషి, అక్కర్లేని మొక్క పేరు కూడా అడిగింది.

నాలుగో రోజు పొద్దున్న సున్నం లేచి, మ్యావ్ అంది. పాలకి కాదు, అలిగి.

ఊళ్ళోకి వచ్చి మంగాయమ్మ నేరుగా పెద్దతోటకి వెళ్ళింది. అందరి ముందూ కుండీ దింపింది. "మీ మొక్క బతికిందండి, పువ్వూ పూసింది. మీ హస్తవాసి బంగారం. నా ఇంట్లో పిల్లుంది, దానికిది పడదు. అంతేనండి," అంది.

భద్రయ్య మొహం మాడ్చుకున్నాడు. "పిల్లికోసం నా పరువు తీశావు. రేపట్నుంచి అంట్లకి రాకు," అన్నాడు. ఇరవై ఏళ్ళు ఆవిడ కట్టిన అంట్లు అమ్ముకున్న మనిషి! ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అప్పుడు మంగాయమ్మ ఏం చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. కలబంద, మనీప్లాంటు ఇచ్చినవాళ్ళకే ఇచ్చేసింది. నడింట్లో ఎరికా పామ్ పెట్టింది. ఉట్టిలో స్పైడర్ ప్లాంటు వేలాడదీసింది. కిటికీ గూట్లో ఫెర్న్ పెట్టింది. అవి కొరికినా ప్రాణం మీదకి రాదని డాక్టరు గారు చెప్పారు. గుమ్మం పక్కన పగిలిన మూకుట్లో గరిక పెంచింది. "ఇదిగో, ఇది మీ వాటా. కొరుక్కోండి," అంది సున్నానికీ బొగ్గుకీ.

ఆ తర్వాత తన పెరట్లోనే చిన్న తోట వేసింది. మొక్కకోసం ఎవరొచ్చినా ముందు ఒక్కటే అడిగేది. "ఇంట్లో పిల్లుందా, కుక్కుందా?" ఉందంటే, గన్నేరు అడిగినా ఇచ్చేది కాదు. "ముద్దమందారం పట్టుకెళ్ళండి," అనేది. గొణుక్కుంటూ వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆ ఊళ్ళో పెట్టుడు మొక్క తెచ్చేవాళ్ళు ఇప్పటికీ గుమ్మం బయట ఆగి ఆ మాట అడిగాకే లోపలికొస్తారు.

భద్రయ్య చూశాడు. చూసి చూసి, తన తోట ముందు పెద్ద బోర్డు కట్టించాడు. మా మేనత్త అడిగే ప్రశ్నే దాని మీద రాయించి, కింద తన పేరు పెట్టుకున్నాడు. ఊరంతా అది ఆయన తెలివే అనుకుంది. ఆవిడ పోయింది, సున్నం పోయింది, బొగ్గు పోయింది, ఆ బోర్డు మాత్రం ఏటేటా కొత్త రంగేసుకుంటోంది.

నాకు నా పేరు రాయడం తప్ప రాదు. రాస్తే నేనే రాసేదాన్ని. నువ్వు బడికెళ్తున్నావు. పెద్దయ్యాక ఆ ఊరెళ్ళి, ఆ మాట మొదట అడిగింది ఎవరో ఆ బోర్డు మీద రాయించు. పేరు పూర్తిగా రాయించు, మంగ అని సగం కోసి రాస్తే ఒప్పుకోను. రాయిస్తావా? ఊఁ అను. మళ్ళీ అను.

కుండీ వెళ్ళె తోటకి,
పిల్లి చేరె ఒడికి,
కథ నడిచె కంచికి,
మనం పోదాం నిద్దరికి.