చీమల దారిలో దళవాయి ఉంగరం

నరస భూపతికి ఆ పూట ఒళ్ళు మండిపోయింది. కారణం శత్రువులు కాదు, గారెలు! అంగడివీధిలో వేయించిన గారెలు కోటకి చేరేసరికి రోజూ చల్లారిపోతున్నాయి.

"వీధిలో బళ్ళు కదలవు ప్రభూ, ఎలా తెచ్చేది?" అన్నాడు పళ్ళెం తెచ్చిన భటుడు.

"రాజునై ఉండి చల్లారిన గారెలు తినాలా? ఉపాయం చెప్పండి!"

సేనని నడిపే దళవాయి బసవప్ప మీసం దువ్వాడు. "వీధి ఇరుకు ప్రభూ. తూర్పు వరస కొట్లు కూల్చేస్తే సరి. రేపే పలుగులు దించుతాను."

విదూషకుడు ఓబళయ్య ఒక అడుగు ముందుకి వేశాడు. తూర్పు వరసలోనే అతని అక్క పూలకొట్టు ఉంది. మొగుడు పోయాక ఆమెకి ఆ కొట్టే కూడు. అసలు వీధి ఎందుకు బిగుసుకుంటోందో ఊరందరికీ తెలుసు. దళవాయి పల్లకీ రోజూ నడివీధిలో ఆగి, జనమంతా దణ్ణాలు పెట్టేదాకా కదలదు. ఆ మాట పైకంటే మెడ మీద తల ఉండదు.

"ఒక్క రోజు గడువివ్వండి ప్రభూ," అన్నాడు ఓబళయ్య.

మర్నాడు రాజునీ, దళవాయినీ, సభవారినీ వసారాలోకి పిలిచాడు. గోడకీ స్తంభానికీ మధ్య పేము బెత్తం కట్టి, స్తంభం మీద బెల్లం ముద్ద పెట్టి ఉంచాడు. బెత్తం మీద చీమలు బారులు తీరి వస్తున్నాయి, పోతున్నాయి. ఎదురుపడితే మూతులు తాకించుకుని తప్పుకుంటున్నాయి.

"వేలెడు వెడల్పు లేదు, ఒక్కటీ ఆగదేం!" అని రాజు ముచ్చటపడ్డాడు.

"చీమలకేం తెలుసు రాజవీధుల సంగతి!" బసవప్ప పెదవి విరిచాడు.

"అవును, వాటికి మర్యాద తెలీదు," అన్నాడు ఓబళయ్య. "దళవాయిగారూ, మీ ఉంగరం ఒక్కసారి ఇప్పిస్తారా? ఇంత పచ్చరాయి సభలో ఇంకెవరి వేలికీ లేదు."

బసవప్ప ఉబ్బిపోయి ఇచ్చాడు. ఓబళయ్య బెత్తం ఒక కొస విప్పి, ఉంగరాన్ని నడిమిదాకా తొడిగి, మళ్ళీ కట్టాడు. అంతే, చీమలు ఆగిపోయాయి. రెండువైపులా గుట్టలు పడ్డాయి, కొన్ని కిందికి రాలిపోయాయి.

"అయ్యో, ఏమైందిరా?" అన్నాడు రాజు.

"దారి ఇరుకైంది ప్రభూ. బెత్తం తీసేసి దూలం వేయిద్దామా?"

బసవప్పకి ఒళ్ళు మండింది. నా ఉంగరం నిండా చీమలా!

"దూలమెందుకయ్యా తెలివితక్కువవాడా! అడ్డం తీస్తే సరిపోదూ!"

అంటూనే బెత్తం విప్పి, ఉంగరం లాగేశాడు. ఓబళయ్య మళ్ళీ కట్టగానే చీమలు హాయిగా సాగిపోయాయి.

ఓబళయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తీర్పు దళవాయిగారే చెప్పారు ప్రభూ. నడివీధిలో ఆగే వారి పల్లకీని కూడా ఇలాగే తీయిస్తే, కొట్లూ నిలుస్తాయి, గారెలూ వేడిగా వస్తాయి!"

రాజు ఒకసారి ఉంగరాన్నీ, ఒకసారి బసవప్ప మొహాన్నీ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇకనుంచి దళవాయి అంగడివీధిలో నడిచే వెళ్ళాలి. ఆ ఉంగరం ఓబళయ్యకి ఇచ్చెయ్యాలి!"

సభంతా గొల్లున నవ్వింది. బసవప్ప ఉంగరం ఇచ్చేశాడు, వేలికి పట్టిన చీమని మాత్రం ఇంకా విదుల్చుకుంటూనే ఉన్నాడు.