పాలెంలో చీకటి గది

దైవసహాయం మాష్టారు ప్రశ్నకు జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎటో బయల్దేరతారు. "లాభం వాళ్ళది, పొగ మనది" అని ఆయన శిష్యులమైన మాతోపాటు గోడల మీద రాసిన సత్తిరాజుకు ఆ అలవాటు బాగా తెలుసు. అయినా అడిగాడు.

సముద్రపుటొడ్డున గ్యాస్ తవ్వే విదేశీ కంపెనీ ఈమధ్య పచ్చరంగు పూసుకుని సౌరశక్తి విభాగం తెరిచింది. అందులో వాడికి ఉద్యోగం ఇస్తామంది. మర్నాటికల్లా ఏ సంగతీ చెప్పాలి.

"భూమిని కాల్చినవాళ్ళే చల్లారుస్తామంటున్నారు మాష్టారూ. అంత బలం ఇంకెవరికుంది? లోపలికి వెళ్ళి మార్చకూడదా?"

"సాయంత్రం పాలెంలో వాళ్ళు సోలార్ దీపాలు పంచుతున్నారట. పద, నువ్వూ ఓ చెయ్యి వేద్దువుగాని," అన్నారాయన. నేనూ వెంట నడిచాను.

పాలెం గ్యాస్ బావి పక్కనున్న జాలరిపేట. మిగులు గ్యాసును ఎత్తైన గొట్టం చివర రాత్రింబవళ్ళు తగలేస్తారు. ఆ మంట కాంతికి అక్కడి పిల్లలు కళ్ళకు గుడ్డ కట్టుకుని పడుకుంటారు. వేదిక మీద "భూమి మన ఉమ్మడి ఇల్లు" అని బ్యానరు. మాటలు కూడా మా దగ్గరే దొంగిలించారు.

చీకటి పడితే తమంతట తామే వెలిగే దీపాలవి. పొద్దు గూకింది. ఒక్కటీ వెలగలేదు. ఇంకాసేపు చూద్దామన్నాడు కంపెనీ ఆఫీసరు.

"ఎంతసేపు చూసినా అంతేనండి," అన్నాడు ముందు వరసలో కూర్చున్న ముసలాయన. "మాకు చీకటి పడి శానా ఏళ్ళైంది. పోన్లెండి, కిందటేడు నడి ఎండల్లో దుప్పట్లిచ్చారు."

అందరూ నవ్వారు. ఫొటోగ్రాఫర్ మాత్రం దీపం వెలుగుతుండగా ఫొటో తీయడానికి చీకటి గది కావాలన్నాడు. పాలెం మొత్తంలో చీకటున్నది సింగారమ్మ ఇంట్లోనే. కిందటేడు పైపు పగిలి లేచిన మంటల్లో ఆమె కూతురు పోయింది. అప్పట్నుంచి ఆ గొట్టం మీది వెలుగు చూడలేక కిటికీలకూ తలుపు సందులకూ గోనెలు కుట్టుకుని కూర్చుంది. ఆమెను అడగడానికి ఆఫీసరుకు తెలుగు రాదు. సత్తిరాజు వెళ్ళాడు.

"పిన్నీ, ఒక్క నిమిషం. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు."

ఆమె వాడి మొహంలోకి చూసింది. "మా పిల్ల పోయిన్నాడు కంపెనీ గేటు కాడ కేకలేసిన కుర్రోడివి నువ్వే కదూ. రా బాబూ. నువ్వడిగితే కాదంటానా."

ఆ గదిలో దీపం వెంటనే వెలిగింది. ఫొటో ఎంతో బాగా వచ్చింది. మెచ్చుకోలుగా ఆఫీసరు ఆ దీపాన్ని ఆ గోడకే మేకు కొట్టించి వేలాడదీయించాడు.

"దీన్ని ఆర్పడం ఎలాగ?" అంది సింగారమ్మ.

సత్తిరాజు దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆర్పే మీట లేదు పిన్నీ. చీకటుంటే వెలుగుతుంది, అంతే."

ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.

తిరిగి వస్తుంటే మంట మా వెనకే ఉంది. మా నీడలు ముందు నడుస్తున్నాయి. ఉద్యోగం సంగతి సత్తిరాజు మళ్ళీ ఎత్తలేదు. ఊరు దగ్గరపడ్డాక మాష్టారే అడిగారు.

"ఫొటోలో ఆ మంట పడిందా?"

"లేదు మాష్టారూ."

"మంట కనబడని చోటు వాళ్ళకు బాగా చూపించావు," అన్నారాయన.